చిత్రహింసలపై క్వేకర్ల పోరాటం: ఎవరికైనా శిక్ష పడిందా?

మీరు అడిగినవి మూడు. క్వేకర్లు అనే చిన్న క్రైస్తవ సమాజం చిత్రహింసల విషయంలో ఎందుకంత పట్టుదలగా ఉంటుంది? అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ చేసిన పనులకు బాధ్యుల్లో ఒక్కరికైనా వాళ్ళ వల్ల శిక్ష పడిందా? ఆ పద్ధతి మన లాకప్‌ల విషయంలో పనికొస్తుందా? గుంటూరు నుంచి వచ్చి రాలీ పక్కన కేరీలో చదువుకుంటున్నానని కూడా రాశారు. అయితే ఈ కథలో ముఖ్యమైన భాగం మీకు గంట లోపు దూరంలోనే జరిగింది. నేను హైదరాబాద్‌లో కస్టడీ కేసులు చూసిన లాయర్ని. తర్వాత నార్త్ కరోలినాలో ఉన్న రోజుల్లో ఈ పని చేసేవాళ్ళతో కలిసి తిరిగాను. క్వేకర్ని మాత్రం కాదు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. శిక్షలే లెక్క అనుకుంటే వాళ్ళు సాధించింది దాదాపు శూన్యం. ఆదేశాలిచ్చిన పెద్దల్లో ఒక్కరూ అమెరికా కోర్టులో బోనెక్కలేదు. కానీ ప్రభుత్వం దేశ రహస్యమని తాళం వేసిన వ్యవహారాన్ని ఊరి పేరు, విమానం నంబరు, బాధితుడి పేరుతో సహా ఎవరూ చెరపలేని రికార్డుగా మార్చారు. ఆ పని చేసింది పార్లమెంటు కాదు, కోర్టు కాదు. ఆ జిల్లాల్లో ఉండే టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, పాస్టర్లు, కొందరు మాజీ సైనికులు. నా దృష్టిలో జవాబుదారీ అక్కడ మొదలవుతుంది.

స్మిత్‌ఫీల్డ్ సంగతి చెప్తే ఇదంతా అర్థమవుతుంది. రాలీకి ఆగ్నేయంగా సుమారు ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న చిన్న ఊరది. చుట్టూ పొగాకు, చిలగడదుంప పొలాలు. ఊరి పక్కనే జాన్‌స్టన్ కౌంటీ ఎయిర్‌పోర్ట్, అంటే మన లెక్కలో జిల్లా పాలక మండలి చేతిలో ఉండే చిన్న విమానాశ్రయం. అందులో ఏరో కాంట్రాక్టర్స్ అనే కంపెనీ ఉంది. పైకి మామూలు చార్టర్ విమానాల కంపెనీ. 2005 మే 31న న్యూయార్క్ టైమ్స్ ఒక పెద్ద కథనం వేసింది. ఈ కంపెనీ సీఐఏ కోసం విమానాలు నడుపుతోందని, ఆ విమానాలు కాగితాల మీద మాత్రమే ఉన్న డొల్ల కంపెనీల పేర రిజిస్టరై ఉన్నాయని అందులో బయటపెట్టారు.

2001 సెప్టెంబర్ దాడుల తర్వాత సీఐఏ అనుమానితులను వేర్వేరు దేశాల్లో పట్టుకుని, వారెంటూ కోర్టూ లేకుండా రహస్య జైళ్ళకు తరలించింది. కొందరిని హింసించి మాట్లాడించే దేశాలకు అప్పగించింది. రెండిషన్ అనే పేరు దీనికే. ఆ తరలింపులకు స్మిత్‌ఫీల్డ్‌లో ఉండే గల్ఫ్‌స్ట్రీమ్ విమానం ఎన్379పి, కిన్‌స్టన్‌లో ఉండే బోయింగ్ 737 విమానం ఎన్313పి పదేపదే వెళ్ళాయి. ఐరోపాలో విమానాలు చూసి నంబర్లు రాసుకోవడం సరదాగా పెట్టుకున్న వాళ్ళుంటారు. ఈ రహస్యం బయటికి రావడంలో వాళ్ళ నోట్‌బుక్కులకూ వాటా ఉంది.

ఆ బోయింగ్‌లో ఒక మనిషికి ఏం జరిగిందో చెప్తాను, ఎందుకంటే రెండిషన్ అనే మాట వింటే ఏదో ఆఫీసు వ్యవహారంలా ఉంటుంది. ఖాలిద్ ఎల్ మస్రీ జర్మన్ పౌరుడు. 2003 డిసెంబర్ 31న బస్సులో మాసిడోనియా సరిహద్దు దాటుతుంటే ఆపారు. రాజధాని స్కోప్యేలో ఒక హోటల్ గదిలో 23 రోజులు కాపలా మధ్య ఉంచారు. 2004 జనవరి 23న ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళి, గదిలో కళ్ళకు గంతలతో నిలబెట్టి, ముసుగులు వేసుకున్న మనుషులు కొట్టారు. ఒంటి మీది బట్టలు కత్తిరించి తీసేశారు. మలద్వారంలోకి ఏదో వస్తువు చొప్పించారు. డైపర్ వేసి, దాని మీద ట్రాక్‌సూట్ తొడిగి, చెవులు మూసి, తలకు సంచి తగిలించి, గొలుసులతో విమానంలోకి ఈడ్చుకెళ్ళారు. కాళ్ళూ చేతులూ నాలుగు వైపులా చాపి విమానం నేలకు కట్టి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కాబూల్ తీసుకెళ్ళారు. అక్కడ నాలుగు నెలలు చీకటి కొట్టు. చివరికి తేలింది, వాళ్ళు వెతుకుతున్న మనిషి ఈయన కాదని. మే నెలాఖరులో అల్బేనియాలో ఒక నిర్మానుష్యమైన కొండదారిలో వదిలేశారు. ఇదంతా ఆయన చెప్పుకున్న కథగా మిగిలిపోలేదు. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2012 డిసెంబర్ 13న ఇది నిజమని, ఎయిర్‌పోర్టులో జరిగింది చిత్రహింసేనని తీర్పు చెప్పింది. 60,000 యూరోల పరిహారం వేసింది. మాసిడోనియా ప్రభుత్వం 2018లో ఆయనకు క్షమాపణ చెప్పింది. అమెరికా ఈరోజు వరకూ చెప్పలేదు. అక్కడ ఆయన వేసిన కేసును దేశ రహస్యాల పేరుతో కొట్టేశారు. 2007 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా వినడానికి ఒప్పుకోలేదు.

ఈ వార్తలు చదివిన స్మిత్‌ఫీల్డ్, రాలీ, డర్హమ్ వాసుల్లో కొందరు వేసుకున్న ప్రశ్న ఒకటే. మన కౌంటీ పన్నులతో నడిచే ఎయిర్‌పోర్టు నుంచి ఇది జరుగుతుంటే మనం ఎవరిని అడగాలి? వాషింగ్టన్‌ని కాదు, ముందు మన కౌంటీ కమిషనర్లని అడగాలి అనుకున్నారు. నార్త్ కరోలినా స్టాప్ టార్చర్ నౌ అనే సంఘం అలా తయారైంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది క్వేకర్ల సంఘం కాదు. కాథలిక్కులు, బాప్టిస్టులు, ముస్లింలు, ఏ మతమూ లేనివాళ్ళు అందరూ ఉన్నారు. క్వేకర్లు అందులో ఒక పాయ. ఎక్కడో చదివి ఇదంతా వాళ్ళే చేశారనుకుంటే మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టే.

వాళ్ళ పద్ధతి మీరు దగ్గరగా చూడాలి. కౌంటీ కమిషనర్ల మీటింగులో పౌరులు మాట్లాడడానికి కొద్ది నిమిషాలిస్తారు. ఏళ్ళ తరబడి వెళ్ళి ఆ నిమిషాలు వాడుకున్నారు. ఎయిర్‌పోర్టు గేటు ముందు నిలబడ్డారు. లోపలికి నడిచి వెళ్ళి అరెస్టైనవాళ్ళూ ఉన్నారు. అన్నిటికంటే నాకు నచ్చింది రోడ్డు సంగతి. అమెరికాలో ఏదైనా సంఘం ఒక రోడ్డు ముక్కను దత్తత తీసుకుని చెత్త ఏరుతానంటే, రవాణా శాఖ ఆ సంఘం పేరుతో అక్కడ బోర్డు పెడుతుంది. వీళ్ళు ఎయిర్‌పోర్టు దగ్గరి రోడ్డు తీసుకున్నారు. పొద్దున్నే నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని, చేతికి గ్లవ్స్ వేసుకుని, కాలువ గట్టున ఖాళీ బీరు డబ్బాలు, బర్గర్ కాగితాలు ఏరి సంచుల్లో వేసేవాళ్ళు. డ్యూటీకి వెళ్ళే కంపెనీ ఉద్యోగులు ఆ బోర్డు దాటుకునే వెళ్ళాలి. ఒకాయన కారు అద్దం దించి బూతులు తిట్టి వెళ్ళాడు. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఆయన వైపు చెయ్యి ఊపి, మళ్ళీ వంగి డబ్బా తీసింది. ఆవిడ తర్వాత నాతో అన్నది ఇది: "ఆ అబ్బాయి తల్లి మా చర్చికే వస్తుంది. రేపు కూడా నేను ఆమె మొహం చూడాలి." ఈ పోరాటంలో ఎదుటివాడు పక్కింటివాడే. అందుకే వాళ్ళ భాషలో తిట్టు ఉండదు. ప్రశ్న మాత్రం ఎప్పటికీ వదలదు.

ఫాయెట్‌విల్‌లో ఫోర్ట్ బ్రాగ్ సైనిక స్థావరం పక్కన క్వేకర్ హౌస్ అని ఒకటుంది. 1969 నుంచీ అక్కడే ఉంది, సైన్యంలో మనసు విరిగినవాళ్ళకు సలహాలిస్తూ. దాని డైరెక్టర్‌గా పనిచేసిన చక్ ఫేగర్ ఈ ఉద్యమంలో గట్టి గొంతు. వెర్మాంట్‌కి చెందిన జాన్ కాల్వి అనే క్వేకర్, బాధితులకు సేవ చేస్తూ వచ్చిన మనిషి, 2005లో 'క్వేకర్ ఇనిషియేటివ్ టు ఎండ్ టార్చర్' మొదలుపెట్టాడు. పొట్టిగా క్విట్ అంటారు. మొదటి సదస్సు 2006 జూన్‌లో గ్రీన్స్‌బరోలో, క్వేకర్లు స్థాపించిన గిల్‌ఫర్డ్ కాలేజీలో జరిగింది. వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల వెంట తిరిగే పని వేరే సంస్థది. ఫ్రెండ్స్ కమిటీ ఆన్ నేషనల్ లెజిస్లేషన్, 1943 నుంచి అదే పని. ఫ్రెండ్స్ అన్నది క్వేకర్లకు ఇంకో పేరు.

కోర్టులు తలుపు మూసేశాక నార్త్ కరోలినా వాళ్ళు చేసింది నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ప్రభుత్వం విచారణ కమిషన్ వేయనంటే, మేమే వేస్తామన్నారు. నార్త్ కరోలినా కమిషన్ ఆఫ్ ఎంక్వైరీ ఆన్ టార్చర్ అని పేరు. లా ప్రొఫెసర్లు, మత పెద్దలు, మాజీ ప్రభుత్వ అధికారులు కమిషనర్లుగా కూర్చున్నారు. 2017 నవంబర్ 30, డిసెంబర్ 1 తేదీల్లో రాలీలో బహిరంగ విచారణ పెట్టారు. క్యూబాలోని అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలో పద్నాలుగేళ్ళు గడిపిన మొహమెదూ ఔల్ద్ స్లాహి వీడియో ద్వారా సాక్ష్యమిచ్చాడు. అమెరికాకు రావడానికి ఆయనకు వీల్లేదు మరి. 2018 సెప్టెంబర్‌లో నివేదిక వచ్చింది. ఏరో విమానాల్లో తరలించిన 49 మందిని గుర్తించి, ఎవరిని ఏ దేశం నుంచి ఏ దేశానికి తీసుకెళ్ళారో రాశారు. సమన్లు జారీ చేసే అధికారం ఆ కమిషన్‌కు లేదు. ఎవరినీ అరెస్టు చేయలేదు. కానీ ఇవాళ ఎవరైనా "అలాంటిదేమీ జరగలేదు" అంటే, ఆ పుస్తకం తెరిచి పేజీ చూపించవచ్చు.

ఇక క్వేకర్లు ఎందుకు అన్నది. ప్రతి మనిషిలోనూ దేవుడి అంశ ఉంది, కాబట్టి మనిషిని విరగ్గొట్టడం పాపం అన్నది వాళ్ళ విశ్వాసం. దానికి తోడు వాళ్ళ ఒంటి మీద వాతలున్నాయి. 1650లలో ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ సమాజం మొదట్లో అందరికీ కంటగింపే. పూజారులు అక్కర్లేదన్నారు, ప్రమాణాలు చెయ్యం అన్నారు, యుద్ధానికి రాం అన్నారు. 1656లో జేమ్స్ నేలర్ అనే వాళ్ళ బోధకుణ్ణి దైవదూషణ నేరం మీద పార్లమెంటే విచారించి, కొరడా దెబ్బలు కొట్టించి, నాలుకలో కాల్చిన ఇనుప చువ్వ దింపించి, నుదుటి మీద దైవదూషకుడని తెలిపే 'బి' అనే అక్షరం వాత పెట్టించింది. 1660లో బోస్టన్‌లో మేరీ డయర్ అనే క్వేకర్ స్త్రీని ఉరితీశారు. రాజ్యం మంచి ఉద్దేశంతోనే కొడుతుందన్న మాట వాళ్ళకు ఎప్పుడూ నమ్మకంగా అనిపించలేదు. అందుకేనేమో, 1961లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పుట్టినప్పుడు దాని స్థాపకుడు పీటర్ బెనెన్సన్ పక్కన నిలబడినవాళ్ళలో ఎరిక్ బేకర్ అనే క్వేకర్ ఉన్నాడు. ఆ సంస్థ 1972లో మొదలుపెట్టిన ప్రచారమే తర్వాత 1984 నాటి ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందానికి బాట వేసింది.

కానీ వాళ్ళ చరిత్రలో రెండో వైపు కూడా ఉంది, దాన్ని వదిలేస్తే ఈ జవాబు భక్తి ప్రసంగమవుతుంది. ఒంటరి నిర్బంధాన్ని జైలు పద్ధతిగా మార్చడంలో ఫిలడెల్ఫియా క్వేకర్ల పాత్ర పెద్దది. కొరడాలు, ఉరికంబాలు క్రూరమని, ఖైదీని ఒంటరిగా, నిశ్శబ్దంగా ఉంచితే పశ్చాత్తాపం కలిగి మారతాడని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు. 1829లో ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ తెరిచారు. ఒక్కో ఖైదీకి ఒక్కో గది, పైన వెలుతురు పడే చిన్న కంత, ఆనుకుని గోడలు కట్టిన చిన్న ఆవరణ. గది దాటి తీసుకెళ్ళాల్సి వస్తే ఎవరి మొహమూ కనబడకుండా తలకు ముసుగు. పశ్చాత్తాపం సంగతి దేవుడెరుగు, మనుషులకు పిచ్చెక్కింది. 1842లో చార్లెస్ డికెన్స్ వెళ్ళి చూసి, ఒంటిని హింసించడం కంటే ఇది ఘోరమని రాశాడు. ఇవాళ ఖైదీలను ఎలా చూడాలో చెప్పే ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు వరసగా 15 రోజులు మించిన ఒంటరి నిర్బంధాన్ని నిషేధిస్తున్నాయి. అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ, అంటే 1947లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న క్వేకర్ సంస్థ, దశాబ్దాలుగా ఆ పద్ధతిని ఎత్తేయించడానికే పనిచేస్తోంది. ఆ సంస్థలో పనిచేసే ఒకావిడ "మా తాతలు కట్టిన గది ఇది, కూలగొట్టే పని మాదే" అని మామూలుగా చెప్పింది. నాకు వాళ్ళ మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. ఎదుటివాళ్ళ లెక్కలు అడిగే ముందు సొంత లెక్క ఒప్పుకున్నవాళ్ళు కాబట్టి.

మీ రెండో ప్రశ్నకు వస్తే, శిక్షల జాబితా చాలా చిన్నది. సీఐఏ తరఫున పనిచేసినవాళ్ళలో ఖైదీపై దాడికి అమెరికా కోర్టులో శిక్ష పడింది ఒక్క కాంట్రాక్టరుకి, డేవిడ్ పస్సారో. 2003లో అఫ్గానిస్తాన్‌లో అబ్దుల్ వలీ అనే మనిషిని కొట్టిన కేసు. ఆ మనిషి కస్టడీలోనే చనిపోయాడు. విచారణ జరిగింది రాలీలోనే, 2006లో. ఎనిమిదేళ్ళ నాలుగు నెలల శిక్ష వేశారు. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫోటోలు 2004 ఏప్రిల్‌లో బయటికొచ్చాక కింది స్థాయి సైనికులు కొందరు జైలుకెళ్ళారు. మిలాన్ వీధిలో అబూ ఒమర్ అనే ఈజిప్టు మత గురువుని సీఐఏ కోసం ఎత్తుకెళ్ళినందుకు 2009లో ఇటలీ కోర్టు 23 మంది అమెరికన్లకు వాళ్ళు లేకుండానే శిక్ష వేసింది. ఎల్ మస్రీ కేసులో మ్యూనిక్ ప్రాసిక్యూటర్లు 2007లో సీఐఏ మనుషులని అనుమానించిన 13 మందికి వారెంట్లు తీశారు, కానీ జర్మన్ ప్రభుత్వం వాళ్ళను అప్పగించమని గట్టిగా అడగలేదు. హింసా పద్ధతులు రూపొందించిన ఇద్దరు సైకాలజిస్టుల కంపెనీకి సీఐఏ 8.1 కోట్ల డాలర్లు చెల్లించింది. బాధితులు వాళ్ళ మీద వేసిన దావా 2017లో రాజీతో ముగిసింది.

ఇటీవలి గెలుపు ఒకటుంది. అబూ గ్రైబ్‌లో పనిచేసిన సీఏసీఐ అనే కాంట్రాక్టు కంపెనీ మీద ముగ్గురు ఇరాకీలు 2008లో కేసు వేస్తే, 2024 నవంబర్‌లో వర్జీనియా జ్యూరీ 4.2 కోట్ల డాలర్లు ఇవ్వమంది. పదహారేళ్ళు పట్టింది! అంతవరకు ఆ కేసు బతికుండడమే గొప్ప.

బాధ్యులను వదిలేస్తే ఏమవుతుందో కూడా చూడండి. ఒబామా 2009 జనవరిలో అధికారంలోకి రాగానే హింసను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. అది మంచిదే. కానీ వెనక్కి చూడడం కంటే ముందుకు చూడాలన్నాడు. 2014 డిసెంబర్ 9న సీఐఏ నిర్బంధాల మీద సెనేట్ కమిటీ రాసిన నివేదిక సారాంశం బయటికొచ్చింది. 119 మందిని నిర్బంధిస్తే అందులో కనీసం 26 మందిని సీఐఏ సొంత ప్రమాణాల ప్రకారమే పట్టుకోకూడదని తేలింది. 6,700 పేజీలకు పైబడిన అసలు నివేదిక ఇంకా తాళంలోనే ఉంది. థాయిలాండ్‌లోని రహస్య జైలు బాధ్యత చూసిన జీనా హాస్పెల్ 2018 మేలో 54 - 45 ఓట్లతో సీఐఏ డైరెక్టర్ అయ్యారు. క్వేకర్ లాబీ ఆ నియామకాన్ని వ్యతిరేకించింది, ఓడిపోయింది. వాళ్ళు గెలిచింది చట్టం దగ్గర. 2015 జూన్‌లో సెనేటర్లు మెకెయిన్, ఫైన్‌స్టైన్ తెచ్చిన సవరణకు సెనేట్‌లో 78 ఓట్లు పడ్డాయి. ఇప్పుడు ఏ అమెరికా సంస్థ అయినా విచారణలో ఆర్మీ మాన్యువల్‌లో, అంటే సైన్యం నియమాల పుస్తకంలో, లేని పద్ధతి వాడడానికి చట్టం ఒప్పుకోదు. ఒక్క సంతకంతో రద్దు చేసే ఉత్తర్వు కాదది.

ఒక విషయంలో క్వేకర్లలో వాళ్ళకే పడదు. జైళ్ళనే నమ్మని మనుషులు, హింసించినవాణ్ణి జైల్లో పెట్టమని ఎలా అడుగుతారు? ఈ చర్చ నేను వాళ్ళ మధ్య కూర్చుని విన్నాను. ప్రాసిక్యూషన్ కావాలన్నవాళ్ళున్నారు. నిజం ఒప్పుకుంటే చాలు, క్షమాపణ, పరిహారం కావాలి, జైలు వద్దు అన్నవాళ్ళున్నారు. ప్రతి మాటకీ టామ్ ఫాక్స్ ప్రస్తావన వచ్చేది. ఆయన వర్జీనియా క్వేకర్. అంతకుముందు ఇరవై ఏళ్ళు మెరీన్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించాడు. క్రిస్టియన్ పీస్‌మేకర్ టీమ్స్ అనే శాంతి బృందం తరఫున బాగ్దాద్ వెళ్ళి, అమెరికా సైన్యం పట్టుకెళ్ళిన ఇరాకీల కుటుంబాలకు సాయం చేసేవాడు. అబూ గ్రైబ్ ఫోటోలు ప్రపంచం చూడకముందే ఖైదీల మీద జరిగే దుర్మార్గాన్ని ఆ బృందం రాసిపెట్టింది. 2005 నవంబర్ 26న టామ్‌తో సహా నలుగురిని ఎత్తుకెళ్ళారు. 2006 మార్చిలో ఆయన శవం దొరికింది. బతికి బయటపడ్డ ముగ్గురూ ఆ డిసెంబర్‌లో తమను బంధించినవాళ్ళను క్షమిస్తున్నామని ప్రకటించారు.

నా అభిప్రాయం అడిగితే, క్షమించే హక్కు దెబ్బ తిన్నవాడిది. ఆ ముగ్గురూ క్షమించవచ్చు. ఎల్ మస్రీ తరఫున వాషింగ్టన్‌లో కూర్చున్న అధ్యక్షుడు క్షమించడానికి వీల్లేదు. అది క్షమ కాదు, కప్పిపుచ్చడం. వాళ్ళు చివరికి దాదాపు ఇదే మాట మీద కలుస్తారు: ముందు నిజం బయటికి రావాలి, ఎవరు ఏం చేశారో పేర్లతో చెప్పాలి, తర్వాత శిక్షా క్షమా అన్నది. నాకు ఈ వరస సరైనదనిపిస్తుంది.

మూడో ప్రశ్న, మన సంగతి. మన దేశం 1997 అక్టోబర్ 14న ఆ ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద సంతకం చేసింది, ఇప్పటికీ ఆమోదించలేదు. 2010లో చిత్రహింసల నిరోధక బిల్లు లోక్‌సభలో పాసై రాజ్యసభలో ఆగిపోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికలో కొత్త బిల్లు రాసిచ్చినా కదలలేదు. ప్రత్యేక చట్టం లేకపోవడం వల్ల నష్టం మనకే. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుడు కిమ్ డేవీని అప్పగించమంటే, ఇండియాలో హింసించే ప్రమాదం ఉందంటూ డెన్మార్క్ కోర్టు 2011లో కాదంది. 2024లోనూ అదే చెప్పింది.

పద్ధతి మనకు కొత్తది కాదు. నిజనిర్ధారణ కమిటీ అన్న మాట వినని తెలుగు పాఠకుడు ఉండడు. ఎమర్జెన్సీలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద 1977లో తార్కుండే కమిటీ ఊరూరా తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. తర్వాతే ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ వచ్చింది. పౌరహక్కుల సంఘం, బాలగోపాల్ లాంటివాళ్ళు దశాబ్దాలపాటు ఆ పనే చేశారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రాలీ కమిషన్ గురించి మొదటిసారి విన్నప్పుడు ఇది మన నిజనిర్ధారణే కదా అనుకున్నాను.

తేడా ఎక్కడంటే, మన దగ్గర ఆ పని లాయర్లు, హక్కుల కార్యకర్తలు చేస్తారు, ఊరు చూస్తూ ఉంటుంది. కొన్నిసార్లు చూడడంతో ఆగదు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర దిశ కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో అవి కావాలని జరిపిన కాల్పులని చెప్పి, పది మంది పోలీసులను విచారించమంది. ఆ నివేదికకు ఒక్క పూవూ పడలేదు. సినిమాలో హీరో పోలీసు ఎవణ్ణో తలకిందులుగా వేలాడదీసి కొడుతుంటే ఈలలు వేసేది మనమే. హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చిన ఒక తల్లి, కొడుకు అరికాళ్ళ ఫోటో చూపిస్తూ "దొంగతనం చేశాడేమో సార్, కానీ ఇలా కొడతారా?" అని గొంతు తగ్గించి అడిగింది. కొట్టడం తప్పని గట్టిగా అనడానికి కూడా ఆమెకు భయం, ఎందుకంటే వీధి వీధంతా కొట్టాల్సిందే అంటోంది. క్వేకర్ల నుంచి మనం తెచ్చుకోవాల్సింది కమిషన్ కాదు, ఆ వీధిలో ఉండి ఆ వీధితో మాట్లాడే ఓపిక.

ఇక మీరేం చేయవచ్చో. కేరీ నుంచి రాలీ ఫ్రెండ్స్ మీటింగ్, డర్హమ్ ఫ్రెండ్స్ మీటింగ్ రెండూ దగ్గరే. ఆదివారం ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, మతం మార్చుకోమని అడగరు. పాస్టర్ ఉండడు, చాలాసేపు మౌనం, ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి చెప్తారు. కమిషన్ నివేదిక ఉచితంగా దొరుకుతుంది, ముందు అది చదివి వెళ్ళండి. ఒక హెచ్చరిక. మీరు స్టూడెంట్ వీసా మీద ఉన్నారు. అనుమతి ఉన్న చోట నిలబడడం వేరు, గేటు దాటి అరెస్టు కావడం వేరు. అమెరికా పౌరుడికి జరిమానాతో పోయేది మీకు వీసా దాకా రావచ్చు. ఏ నిరసనకైనా వెళ్ళే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. రోడ్డు పక్కన చెత్త ఏరడానికి, కౌంటీ మీటింగులో కూర్చుని వినడానికి ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఇంటి దగ్గర చేయగలిగింది కూడా ఉంది. సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ప్రతి పోలీస్ స్టేషన్‌లో, లాకప్‌తో సహా, సీసీటీవీ ఉండాలని, ఆ రికార్డింగు 18 నెలలు, వీలు కాకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. మీ ఊరి స్టేషన్‌లో ఎన్ని కెమెరాలున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఫుటేజీ ఎన్నాళ్ళు ఉంచుతున్నారు అని మీ నాన్నగారో, ఊళ్ళో ఉన్న స్నేహితుడో సమాచార హక్కు కింద అడగవచ్చు. ఎవరినైనా పట్టుకెళ్ళి ఆచూకీ చెప్పకపోతే, ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది, దరఖాస్తులో ఆ మాట తప్పకుండా రాయండి. కస్టడీలో మరణమైతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. ఆ విచారణ నివేదిక కాపీ అడగడం కుటుంబాలు మర్చిపోతాయి, అధికారులు గుర్తుచేయరు. సీసీటీవీ గురించి దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే మీ స్టేషన్ పేరు, జిల్లా ఇక్కడే కింద రాయండి, నమూనా తయారుచేసి పెడతాను.